శ్రీశైలంలో 854 అడుగులు, చెన్నైలో కుళాయి నీళ్లు

వానాకాలంలో శ్రీశైలం గేట్లు ఎత్తిన వీడియో రాగానే చెన్నైలోని తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో సంబరం మొదలవుతుంది. పెరంబూరులో ఉన్నవాళ్లూ టి.నగర్‌లో ఉన్నవాళ్లూ "ఇంక ఈ ఏడాది నీళ్లకు ఢోకా లేదు" అనుకుంటారు. ఆ సంబరంలో తప్పేమీ లేదు. కానీ చెన్నైకి వచ్చే కృష్ణా నీళ్లు ఆ గేట్ల గుండా రావు. అసలు డ్యామ్ గోడ దాకానే రావు. గేట్లు దాటిన నీరు నాగార్జునసాగర్ వైపు పోతుంది. చెన్నై నీళ్లు డ్యామ్‌కు చాలా ఎగువన, జలాశయం కుడి ఒడ్డున ఉన్న పోతిరెడ్డిపాడు దగ్గరే పక్కకు తిరుగుతాయి. అక్కడ నీరు కాలువలోకి ఎక్కాలంటే జలాశయంలో ఒక స్థాయికి మించి మట్టం ఉండాలి. చెన్నైవాళ్లకు శ్రీశైలంలో ముఖ్యమైనది గేట్లు కాదు, ఆ మట్టం.

శ్రీశైలం ప్రాజెక్టును కట్టింది కరెంటు కోసం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు దాని పేరే జలవిద్యుత్ ప్రాజెక్టు. నల్లమల కొండల మధ్య ఇరుకు లోయలో 145 మీటర్ల ఎత్తున, 512 మీటర్ల పొడవున, 12 గేట్లతో ఆనకట్ట లేచింది. కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, అంటే 770 మెగావాట్లు, 1980లలో ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యాయి. ఎడమగట్టున కొండ లోపల తొలిచిన భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు 2000 దాటాక వచ్చాయి. రెండూ కలిపితే 1,670 మెగావాట్లు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కూడా ఈ ప్రాజెక్టును విద్యుత్ ప్రాజెక్టుగానే చూసింది. దీనికి కేటాయించిన 33 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) పొలాలకు కాదు, ఊళ్లకు కాదు, ఎండకు ఆవిరైపోయే నీటి కింద రాసిన లెక్క. చెన్నైకి ఏడాదికి ఇవ్వాల్సింది 12 టీఎంసీలు. దానికి రెండున్నర రెట్లకు పైగా నీరు ఆవిరి పద్దులోనే పోతుందన్నమాట.

కరెంటు ప్రాజెక్టు తాగునీటి ప్రాజెక్టుగా మారడానికి నది స్వరూపమే కారణం. కృష్ణా, తుంగభద్ర కలిసిన తర్వాత ఆ రెండు నదుల నీరూ ఒకచోట నిలిచే మొదటి పెద్ద జలాశయం శ్రీశైలం. పైన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, తుంగభద్ర డ్యామ్ తమ వంతు పట్టుకోగా మిగిలిందంతా ఇక్కడికి చేరుతుంది. పైగా జలాశయం ఎత్తు మీద ఉంది. కుడి ఒడ్డు నుంచి కాలువ తవ్వితే రాయలసీమ మీదుగా దక్షిణానికి నీరు తనంతట తానే పారుతుంది.

1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు మద్రాసు నగరానికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. మొత్తం 15. దారిలో 3 పోయినా సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అందాలన్నది లెక్క. జులై నుంచి అక్టోబరు వరకు 8, జనవరి నుంచి ఏప్రిల్ వరకు 4. ఈ ఒప్పందంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పై రాష్ట్రాలు ఆ ఐదేసి టీఎంసీలను విడిగా కొలిచి పైపులో పంపవు. తమ వాటాలో అంత తక్కువ వాడుకుంటామన్నది వాటి మాట. తగ్గించి వదిలిన నీరు వరదలో కలిసి వస్తుంది. కాబట్టి నీళ్లు అప్పజెప్పే బాధ్యత మొత్తం శ్రీశైలం మీదా, దాని కింది కాలువల మీదా పడింది.

1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ సంతకాలతో ఆ ఒప్పందం తెలుగుగంగ ప్రాజెక్టుగా రూపం తీసుకుంది. ఇద్దరూ మద్రాసు స్టూడియోల్లో ఎదిగినవాళ్లే, మండువేసవిలో ఆ నగరం నీటికోసం పడే అవస్థ కళ్లారా చూసినవాళ్లే. 1996 సెప్టెంబరులో కృష్ణా నీరు తొలిసారి తమిళనాడులో అడుగుపెట్టేసరికి ఇద్దరూ లేరు. ఎన్టీఆర్ అదే ఏడాది జనవరిలో కన్నుమూశారు.

పోతిరెడ్డిపాడు నుంచి చెన్నైకి నీరిచ్చే పూండి చెరువు దాకా దారి సుమారు 400 కిలోమీటర్లు. బనకచర్ల దగ్గర కాలువ మూడు పాయలవుతుంది. ఒకటి తెలుగుగంగకు, ఒకటి శ్రీశైలం కుడి కాలువకు, ఇంకొకటి కుందూ వైపు. తెలుగుగంగ పాయ వెలుగోడు జలాశయంలోకి, అక్కడి నుంచి బ్రహ్మంగారి మఠం జలాశయానికి, ఆపైన పెన్నా నది గుండా సోమశిలకు, సోమశిల నుంచి కండలేరుకు చేరుతుంది. కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువ వెంకటగిరి, సత్యవేడు ప్రాంతాల మీదుగా ఊత్తుకోట దగ్గర సరిహద్దుకు వస్తుంది. అక్కడి కొలత స్థలాన్ని రెండు రాష్ట్రాల ఇంజినీర్లూ జీరో పాయింట్ అనే అంటారు. చెన్నైకి ఎన్ని టీఎంసీలు వచ్చాయన్న లెక్క అక్కడ నమోదైందే లెక్క. తొలి ఏళ్లలో ఈ కాలువ మట్టిగట్లు జారి, నీరు ఇంకిపోయి, సరిహద్దుకు చేరేది అంతంతమాత్రంగా ఉండేది. సత్యసాయి ట్రస్టు ఖర్చు భరించి కాలువను బాగుచేయించాక, 2004 చివర నుంచి ప్రవాహం కాస్త దారిన పడింది. ఆ కాలువకు ఇప్పుడు సత్యసాయి గంగ అని పేరు.

ఈ దారి వెంట తెలుగుగంగ ఆయకట్టు దాదాపు ఐదుమ్ముక్కాలు లక్షల ఎకరాలు. కర్నూలు, కడప, నెల్లూరు, చిత్తూరు పాత జిల్లాల పొలాలవి. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది సొంత ఊళ్లు ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. ఊళ్లో ఉన్న అన్నదమ్ముల చేనుకూ, చెన్నైలో ఉన్నవాళ్ల కుళాయికీ ఒకే కాలువ ఆధారం. వేసవిలో కాలువ గట్టున రైతులు మోటార్లు పెట్టి నీరు తోడుతున్నారని తమిళనాడు ఇంజినీర్లు అంటే, ఎండిపోతున్న పైరు పక్కనుంచి కాలువ నిండుగా పోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటామని రైతులు అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కానీ పోతిరెడ్డిపాడు దగ్గర కాలువ నిండిన ఏడాది ఈ తగవు వినిపించదు, అక్కడ నీరు తగ్గిన ఏడాదే వినిపిస్తుంది.

అందుకే 854 అడుగుల సంగతి తెలియాలి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు కాలువ గడప 841 అడుగుల దగ్గర ఉంది. మట్టం 854 ఉన్నప్పుడు కాలువలోకి వెళ్లేది ఆరేడు వేల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) మించదు. 2005 తర్వాత సామర్థ్యాన్ని 11 వేల నుంచి 44 వేల క్యూసెక్కులకు పెంచారు గానీ, ఆ పూర్తి ప్రవాహం రావాలంటే మట్టం 880 దాటాలి. అన్ని అడుగులు ఏడాదిలో ఎక్కువ రోజులు నిలవవు. కనీస మట్టాన్ని 1996లో 834 అడుగులుగా పెట్టి, 2004లో 854కు మార్చింది రాయలసీమ, చెన్నై అవసరాల కోసమే. టర్బైన్లకు మాత్రం ఆ గీతతో పనిలేదు. అంతకన్నా చాలా కింది మట్టంలోనూ అవి తిరుగుతాయి.

ఈ గీతను కళ్లతో చూడాలంటే సప్తనది సంగమేశ్వరం పోవాలి. వేపమొద్దు లింగం ఉన్న ఆ సంగమేశ్వరుడి గుడి ఏడాదిలో ఎక్కువ కాలం శ్రీశైలం నీళ్ల కిందే ఉంటుంది. జలాశయం 840 అడుగుల దరిదాపులకు దిగినప్పుడు ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. పూజారి బురద కడిగించి పూజలు మొదలుపెడతారు, భక్తులు పడవల్లో వస్తారు. అదే రోజుల్లో పోతిరెడ్డిపాడు కాలువలో నీరుండదు.

విద్యుత్ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. జలవిద్యుత్ గొప్పతనం దాని వేగం. బొగ్గు కేంద్రం వేడెక్కడానికి గంటలు పడితే, టర్బైను నిమిషాల్లో అందుకుంటుంది. సాయంత్రం ఇళ్లల్లో లైట్లూ ఏసీలూ ఒక్కసారిగా వేసినప్పుడు గ్రిడ్‌ను నిలబెట్టేది ఇదే. ఎడమగట్టు యూనిట్లు తిరగేసి నడిస్తే కింది నీటిని మళ్లీ జలాశయంలోకి ఎక్కించగలవు, అంటే మిగులు కరెంటును నీటి రూపంలో దాచుకోవచ్చు. సౌర విద్యుత్ పెరుగుతున్న కాలంలో దీని విలువ ఇంకా పెరుగుతుంది. పైగా టర్బైను దాటిన నీరు వృథా కాదు, సాగర్‌లో చేరి మళ్లీ కరెంటు ఇచ్చి, ఆయకట్టుకూ హైదరాబాదుకూ డెల్టాకూ అందుతుంది. ఇది మొదటినుంచీ విద్యుత్ ప్రాజెక్టే కదా, నది పరీవాహకం బయటికి నీళ్లు తీసుకుపోవడం ఏమిటని తెలంగాణ అడిగే ప్రశ్నకు కాగితాల్లో ఆధారం ఉంది. ఆ కరెంటు కోసం ప్రాణాలు పోయిన సంగతీ మరవకూడదు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది ఉద్యోగులు చనిపోయారు.

ఇంతా ఒప్పుకున్నాక కూడా, చెన్నై వాటా విషయంలో కరెంటా నీళ్లా అన్న పోటీ లెక్కకు నిలవదు. ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు, చెన్నైకి దాదాపు నెల రోజుల సరఫరా. ఆ ఒక్క టీఎంసీని శ్రీశైలం టర్బైన్ల మీదుగా 80 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే వచ్చేది దాదాపు 55 లక్షల యూనిట్ల కరెంటు. ఈ లెక్కన చెన్నై కోసం పెట్టిన 15 టీఎంసీల వల్ల శ్రీశైలంలో వదులుకునే కరెంటు సుమారు 8 కోట్ల యూనిట్లు. రెండు గట్ల కేంద్రాలూ పూర్తిస్థాయిలో రెండు రోజులు నడిస్తే అంత వస్తుంది. ఒక మహానగరం ఏడాదంతా తాగే నీటికి రెండు రోజుల కరెంటు!

రెండో వైపు కూడా లెక్కేయాలి. కృష్ణా నీళ్లు రాకపోతే చెన్నై సముద్రం మీద ఆధారపడుతుంది. మీంజూరు, నెమ్మేలిలో ఉప్పునీటిని మంచినీటిగా మార్చే ప్లాంట్లు ఇప్పటికే ఉన్నాయి, పేరూరులో రోజుకు 40 కోట్ల లీటర్ల ప్లాంటు కడుతున్నారు. ఆ పద్ధతిలో వెయ్యి లీటర్లకు మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. అంటే ఒక టీఎంసీ మంచినీళ్లకు ఎనిమిదిన్నర నుంచి పదకొండు కోట్ల యూనిట్లు. అదే టీఎంసీ శ్రీశైలంలోనూ మళ్లీ సాగర్‌లోనూ టర్బైన్లు తిప్పిందనుకున్నా వచ్చేది కోటీ పది లక్షలు. దారిలో పోయే నీటిని కలుపుకుని చూసినా, సముద్రం నీటికి పెట్టే కరెంటు ఆరు రెట్లకు తగ్గదు. తెలుగుగంగలో మామూలు రోజుల్లో పూండి దాకా మోటారుతో ఎత్తిపోయాల్సిన పని లేదు, భూమి వాలే నీటిని నడిపిస్తుంది. కరెంటు పొదుపు కోరేవాళ్లే ముందుగా ఈ నీళ్లు సాఫీగా పారాలని అడగాలి.

జలాశయం చుట్టూ కూడా ఇదే తంతు. మట్టం 854 కిందికి దిగాక కాలువకు అందని నీటిని ముచ్చుమర్రి లాంటి చోట్ల పంపులతో తోడుకుంటున్నారు. అవతలి ఒడ్డున కల్వకుర్తి ఎత్తిపోతలదీ పంపుల మీద ఆధారపడిన బతుకే. కరెంటు కోసం మట్టం దించడం, దించిన నీటిని మళ్లీ కరెంటు ఖర్చుపెట్టి పైకి తోడుకోవడం. ఇది ఏ రాష్ట్రానికీ లాభం కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంతాల మధ్య యూనిట్లు నడిచిన రోజులు 2021 జూన్, జులై నెలల్లో చూశాం. నిండని జలాశయంలోంచి, సాగుకు అవసరం మొదలవకముందే నీరు కిందికి పోయింది. 2014 విభజన చట్టంతో ఏర్పడిన కృష్ణా బోర్డు ఉన్నది ఇలాంటివి జరగకుండా చూడటానికే. కానీ విద్యుత్ కేంద్రాల తాళాలు రాష్ట్రాల చేతుల్లో ఉన్నంతకాలం బోర్డు రాసే ఉత్తరాలు ఉత్తరాలుగానే మిగులుతున్నాయి.

మంచి వరద వచ్చిన ఏడాది ఈ గొడవ ఏదీ ఉండదు. రోజుకు లక్షల క్యూసెక్కులు వస్తున్నప్పుడు టర్బైన్లూ తిరుగుతాయి, కాలువా నిండుతుంది, గేట్లూ లేస్తాయి. 2009 అక్టోబరులోనైతే పూర్తి మట్టాన్ని మించి నీరు ఎగదన్ని కర్నూలు నగరాన్నే ముంచింది. అసలు చిక్కంతా వరద ఆలస్యమైన ఏడాది జూన్, జులై నెలల్లో. అప్పుడు వచ్చే కాసిని నీళ్లను టర్బైన్లకు వదిలితే 854 చేరడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది, ఆ ఆలస్యం కండలేరు మీద పడుతుంది.

2019 దీనికి నిదర్శనం. ఆ జూన్‌లో చెన్నై చెరువులు నాలుగూ ఎండిపోయాయి. కండలేరు కూడా అడుగంటింది. జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు తెచ్చారు. మెట్రో వాటర్ లారీ కోసం బిందెలు వరసలో పెట్టి అర్ధరాత్రి దాకా కాపలా కాసిన వీధులున్నాయి. అపార్టుమెంట్లలో సంపు నింపింది బోరు నీళ్లు, అవీ ఉప్పు కషాయం. ఆ నీళ్లలో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడదు, టీ విరిగినట్టుంటుంది. దాంతో వంటకు కూడా క్యాన్ నీళ్లే కొన్నారు. ఆగస్టు రెండో వారంలో శ్రీశైలం గేట్లు లేచాయి. కండలేరు నుంచి వదిలిన నీరు సరిహద్దు చేరింది సెప్టెంబరు చివర్లో. గేట్లు ఎత్తిన వార్తకూ కుళాయిలో నీటికీ మధ్య ఉన్న దూరం అది, దాదాపు ఏడు వారాలు.

ఈ నీళ్ల కింద మునిగినవాళ్ల బాకీ ఇంకా తీరలేదు. శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు అటూఇటూగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1981లో ఇళ్లను కూల్చి మరీ జనాన్ని వెళ్లగొట్టారు. కూడలి సంగమేశ్వరాలయం లాంటి గుళ్లను రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. మనుషులను మాత్రం అంత శ్రద్ధగా నిలబెట్టలేదు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్న 98 జీవో కోసం కొడుకుల తరం ముగిసి మనవల తరం కూడా కార్యాలయాల చుట్టూ తిరిగింది. ఆ నీరు తాగే నగరంలో కూడా వాళ్ల గురించి తెలిసి ఉండాలి, వాళ్ల తరఫున అడిగే గొంతు ఇక్కడి నుంచీ వినిపించాలి.

జలాశయం కూడా ఏటా చిన్నదవుతోంది. 1984లో దాని సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక చేరి చేరి, తర్వాతి సర్వేల్లో అది 215.81కి దిగింది. పోయిన 92 టీఎంసీలు మొత్తం సోమశిల జలాశయం కన్నా ఎక్కువ. ఇప్పుడు 854 అడుగుల దగ్గర నిలిచేది సుమారు 89 టీఎంసీలు, 834కు దిగితే సుమారు 54. కొత్త ఎత్తిపోతల పథకాలకు రెండు రాష్ట్రాలూ శంకుస్థాపనలు చేస్తూ పోయినా, అవన్నీ చేయి పెట్టేది తరుగుతున్న ఈ నీటిలోనే.

చెన్నై వైపు లోపం కూడా ఉంది. ఒప్పందం ప్రకారం రావాల్సిన 12 టీఎంసీలు చాలా ఏళ్లు పూర్తిగా రాలేదు, దానికి ప్రతిసారీ కారణం ఎగువనే లేదు. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ కలిపి పట్టేది 11 టీఎంసీల చిల్లర. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలకు అవి నిండుతాయి. సరిగ్గా అప్పుడే కండలేరు నుంచి కృష్ణా నీరు కూడా వస్తుంటుంది, పెట్టుకోవడానికి చోటుండదు. నీళ్లు ఆపమని తమిళనాడే కోరిన సందర్భాలున్నాయి. 2020లో కృష్ణా నీళ్ల కోసమని తేర్వాయ్ కండిగై దగ్గర కొత్త జలాశయం తెరిచారు, దాని సామర్థ్యం అర టీఎంసీ. నగరానికి అది పదిహేను రోజుల నీరు.

కాబట్టి నీళ్లు దాచాల్సింది సోమశిల, కండలేరుల్లోనే. రెండూ కలిపి 146 టీఎంసీలు పడతాయి. వరద రోజుల్లో పోతిరెడ్డిపాడు నుంచి వీలైనంత నీరు పంపి, చెన్నై వాటాను కండలేరులో విడిగా లెక్కగట్టి ఉంచితే, జనవరి తర్వాత శ్రీశైలంలో కరెంటు కోసం మట్టం ఎంత దించినా చెన్నైకి బెంగ ఉండదు. కర్నూలు కాలువల్లో పూర్తి సామర్థ్యంతో నీరు పారేలా లైనింగ్, మరమ్మతు పనులు జరగాలి, ఆ ఖర్చులో తమిళనాడు తన వాటా ఎప్పటికప్పుడు కట్టాలి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పోతిరెడ్డిపాడు నుంచి రోజుకు ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయన్నది తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటుంది. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. సంక్రాంతి నాటికి కండలేరులో ఎంత నిలిచిందో చూస్తే, మే నెలలో చెన్నై వీధుల్లోకి లారీలు వస్తాయో లేదో నాలుగు నెలల ముందే తెలిసిపోతుంది.